నాయిన మోసిన పాడె

మా నాయిన మొజంజాహీ మార్కెట్‌లో ఒక పండ్ల మండీలో లెక్కలు రాసేవాడు. నల్లగొండ బత్తాయి, పాలమూరు సీతాఫలం, నగరం చుట్టూ తోటల్లో పండే అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష, ఎండాకాలమైతే మామిడి. ఏ రైతు ఎన్ని గంపలు దించాడు, ఎవరు ఎంతకు పాడారు, దుకాణానికి కమీషన్ ఎంత, హమాలీ ఎంత అని తెల్లవారుజాము నుంచి చిట్టాకెక్కించడం ఆయన పని. ఏడో నిజాం 1935లో కట్టించి తన రెండో కొడుకు మొజం జా పేరు పెట్టిన ఆ రాతి కట్టడం అప్పట్లో నగరానికంతటికీ పండ్ల బజారు. 1980లలో ఆ వ్యాపారం కొత్తపేటకు తరలిపోయింది. ఇప్పుడు గడియారం కింద నిలబడి ఐస్‌క్రీం తినే పిల్లలకు, తెల్లారకముందే అక్కడ ఎంత గోల ఉండేదో చెబితే నమ్మరు.

మాది పద్మశాలి కుటుంబం. నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. తాత, పెద్దనాయిన మగ్గం మీదే బతికారు. ఉన్న ఒక్క మగ్గం రెండు సంసారాలను సాకదని నాయిన 1952లో పట్నం వచ్చాడు. చేతిరాత ముత్యాల్లా ఉండేది. అది చూసే మండీ సాయిబు పనిలో పెట్టుకున్నాడు. జాంబాగ్ సందులో ఒక గది, ముందు చిన్న వరండా, వీధి నల్లా. నేను పుట్టిందీ పెరిగిందీ అక్కడే.

నాయినకు క్రీస్తు సంగతి ఏ గుడిలోనో తెలియలేదు, నడిరోడ్డు మీద తెలిసింది. గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను సంఘం వాళ్లు బైబిలు వాక్యాలు రాసిన అట్టలు పట్టుకుని, పాటలు పాడుతూ నగరంలో ఊరేగింపు చేసేవాళ్లు. ఒకసారి మార్కెట్ ముందు నుంచి వెళుతూ ఎవరో ఆయన చేతిలో లూకా సువార్త పెట్టారు. అరచేతిలో పట్టేంత చిన్న పుస్తకం. వేలంపాట అయిపోయి గంపలు ఖాళీ అయ్యాక, మధ్యాహ్నం అన్నం తిని ఆ గోనెసంచుల మీదే కూర్చుని చదివేవాడు. లెక్కలు రాసేవాడు గదా, వేగంగా చదవడం అలవాటు లేదు. ఒక్కో మాట కింద వేలు పెట్టి, తేడా ఎక్కడుందో వెతికినట్టు చదివేవాడు. ఏడాది పైగా అదొక్కటే పుస్తకం.

హెబ్రోను దూరం. మార్కెట్ నుంచి నడిచి పోయేంత దగ్గరలో ఒక పాత సంఘం ఉండేది. ఆబిడ్స్, గన్‌ఫౌండ్రీ, నాంపల్లి వైపు ఎటు పోయినా చర్చి గంట వినిపిస్తుంది. వాటిలో అది ఏదో నేను రాయను. ఆనాటి పెద్దలెవరూ ఇప్పుడు లేరు, వాళ్ల పిల్లలు ఉన్నారు. అక్కడి పాస్టరు అయ్యగారు మొదట్లో మమ్మల్ని కన్నబిడ్డల్లా చూశారు. నాయినకు బైబిలు ఇచ్చారు. నాకు టైఫాయిడ్ వస్తే మా గదికి వచ్చి నేల మీద కూర్చుని ప్రార్థన చేసి, అమ్మగారి చేత జావ కాయించి పంపారు. ఈ మాట ముందే చెప్పాలి. తర్వాత జరిగింది చెప్పేటప్పుడు ఇది మరిచిపోతే అన్యాయం. 1968 ఈస్టర్‌కు నాయిన అక్కడ బాప్తిస్మం తీసుకున్నాడు. తల మీద నీళ్లు చిలకరించి ఇచ్చే బాప్తిస్మం. అమ్మా, నేనూ, తమ్ముడూ మరుసటి ఏడాది.

నాయిన బాప్తిస్మం సంగతి ఊళ్లో ఇంటి వాళ్లకు తెలిసింది ఆ 1968 శ్రావణంలోనే, నూలు పున్నమి నాడు.

ఆ పండుగకు మా కులంలో పాత జంధ్యం తీసి కొత్తది వేసుకుంటారు. నాయిన పట్నంలో ఉన్నా పెద్దనాయిన ఏటా ఊరి నుంచి జంధ్యం పట్టుకుని వచ్చేవాడు. నాయినకు తన చేత్తో వేసి, మా ఇంట్లో భోంచేసి, సాయంత్రం బస్సుకు పోయేవాడు. ఆ రోజు నేను చదివే మహబూబియా బడికి సెలవు. నేను నాయినకు టిఫిన్ డబ్బా తీసుకుని మండీకి పోయాను. పెద్దనాయిన అప్పటికే వచ్చి బత్తాయి గంపల మధ్య నిలబడి ఉన్నాడు. చేతిలో మోదుగాకు పొట్లం, అందులో పసుపు రాసిన జంధ్యం.

"తానం చేసినవా?" అన్నాడు.

"చేసిన అన్నా. గని నేను ఏసుకోను."

"ఏందిరా?"

"బాప్తిస్మం తీసుకున్న. ఏసుప్రభువును నమ్ముకున్న."

పెద్దనాయినకు ఆ మాట అర్థం కాలేదు. నాయిన అంగీ పై గుండీ రెండు విప్పి చూపించాడు. లోపల బనీను, ఒట్టి మెడ. పెద్దనాయిన చాలాసేపు ఆ మెడ వైపే చూశాడు. కోపం రాలేదు ముందు. "నాయిన చేత్తోని ఏసిన పోగురా అది. నీకు గంత బరువైందా?" అన్నాడు. గొంతు పూడుకుపోయింది. నాయిన ఏడ్చాడు. హమాలీలు గంపలు ఆపి చూస్తున్నారు. పెద్దనాయిన పొట్లం మళ్లీ మడిచి చేతిసంచిలో పెట్టుకుని, నా తల నిమిరి, మా ఇంటికి రాకుండానే గౌలిగూడ బస్టాండుకు నడిచిపోయాడు. టిఫిన్ డబ్బా ఎవరూ విప్పలేదు.

సాయిబు గల్లా దగ్గర కూర్చుని అంతా విన్నాడు. ఆదివారం సెలవు కావాలని నాయిన అడగలేక అడగలేక అడిగితే, "మేరే కు జుమ్మా, తేరే కు ఇత్వార్. హిసాబ్ బరాబర్ రహనా, బస్" అన్నాడు. మా మీద పెట్టిన షరతుల్లో అంత చిన్నది మరొకటి నాకు గుర్తు లేదు.

ఊళ్లో రకరకాలుగా అనుకున్నారు. పాలపిండికి కలిసిండన్నారు. అమెరికా గోధుమలకు కలిసిండన్నారు. సాయిబు దగ్గర పనిచేస్తూ తురకల్లో కలిసిండని కూడా ఒక మాట పుట్టింది. పైసలిచ్చిండ్రు, ఇల్లు కట్టిస్తరట అని మేనత్త అత్తవారింట్లో అనుకున్నారు. నిజానికి మాకు పోయిందే గాని వచ్చింది లేదు. ఊళ్లో ఇంటి వాటా మాట ఎత్తడానికి లేకుండా పోయింది. చిన్నత్త పెళ్లికి పిలుపు రాలేదు. వీధి నల్లా దగ్గర అమ్మ బిందె పెడితే, పక్కింటావిడ తన బిందె జరుపుకునేది.

అమ్మ సంగతి వేరు. నాయిన ఆమెను బలవంతపెట్టలేదు. బాప్తిస్మం తర్వాత ఒక రోజు తనంత తానే బొట్టు పెట్టుకోవడం మానేసింది. ఎందుకని నేను అడిగితే, "నాకు ఇష్టమైంది" అంది. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు. పెద్దమ్మ ఏదో పని మీద పట్నం వచ్చి గడప దగ్గర అమ్మ ముఖం చూసి గొల్లుమంది. "నా మరిది రాయోలె ఉండంగ గిదేం పని చేసినవే" అని అమ్మను పట్టుకుని, నిజంగానే ఎవరో పోయినట్టు ఏడ్చింది. మా పెద్దమ్మకు మతం మీద ద్వేషం లేదు. ఆమె కళ్లకు బొట్టు లేని ముఖమంటే ఒక్కటే అర్థం. తిడుతుందని అనుకున్న మాకు ఆ ఏడుపే ఎక్కువ బాధ పెట్టింది. తిట్టుకు బదులు చెప్పవచ్చు, ఏడుపుకు ఏం చెబుతాం?

నాయినమ్మ మాత్రం రాకపోకలు మానలేదు. ఊరి నుంచి ఎవరు వచ్చినా ప్యాలాలో, బెల్లమో మూటగట్టి పంపేది. ఒకసారి కళ్లకు శుక్లాలని తెచ్చి చూపించినప్పుడు కొన్నాళ్లు మా దగ్గరే ఉంది. రాత్రి నాయిన బైబిలు చదువుతుంటే పక్కన కూర్చుని వినేది. బాగుందనేది కాదు, బాగాలేదనేది కాదు. ఒక రాత్రి అడిగింది: "ఏం రా, నేను సస్తే నాకు తలకొరివి పెట్టొద్దంటడా మీ దేవుడు?"

మా వైపు తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు తలకొరివి పెడతారు. నాయిన చిన్నకొడుకు. ఆ రాత్రి ఆయన జవాబు చెప్పలేదు. పుస్తకం మూసి, దీపం తగ్గించి పడుకున్నాడు. నిద్రపోలేదని నాకు తెలుసు.

1971 ఎండాకాలంలో నాయినమ్మ పోయింది. తంతి మండీకి వచ్చింది. మామిడి సీజను, మార్కెట్ నిండా గడ్డి, గంపలు. సాయిబు చేతిలో ఉన్నంత డబ్బు తీసి నాయిన జేబులో కుక్కి, లెక్క రాయవద్దన్నాడు. గౌలిగూడలో బస్సెక్కి మేం ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. శవాన్ని అరుగు మీద వేసి, పాడె కట్టి, మా కోసమే ఆగారు.

నాకప్పుడు పద్నాలుగేళ్లు. ఆ సాయంత్రం జరిగిందంతా అరుగు పక్కన నిలబడి చూశాను. కులపెద్దలు వేపచెట్టు కింద కూర్చుని ఉన్నారు. ఒకాయన లేచి నాయిన చేతికి నిప్పుకుండ అందించబోయాడు. నాయిన రెండు చేతులూ జోడించాడు.

"పాడె మోస్త. కట్టెలకు పైసలు నేనే ఇస్త. అమ్మ కోసం ఏ పని చెప్పినా చేస్త. కుండ మాత్రం పట్టను, తంతు చెయ్యను. నన్ను మన్నించుండ్రి."

అంతే, అన్నివైపుల నుంచీ అరుపులు. కడుపున పుట్టినందుకు ఆ మాత్రం చేయవా అని కొందరు. చిన్నకొడుకు పెట్టకపోతే ముసలిదాని జీవి తిరుగుతదని ఒకరు. నువ్వు మోసినా పాడె మైలపడతదని ఇంకొకరు. వాళ్లకు నాయిన అర్థం కాలేదు, నిజమే. కానీ వాళ్ల భయమూ అబద్ధం కాదు. చచ్చిపోయిన మనిషికి చేయవలసింది చేయకపోతే ఆమె గతి ఏమవుతుందోనని వాళ్లు మనస్ఫూర్తిగా భయపడ్డారు. నాయినమ్మ కూడా అలాగే భయపడి ఉంటుంది. నాయిన కదలలేదు. ముఖం నేలకు వంచి, చేతులు జోడించినవి జోడించినట్టే నిలబడ్డాడు.

చివరికి పెద్దనాయిన లేచాడు. ఎవరితోనూ మాట్లాడకుండా కుండ అందుకున్నాడు. నాయిన వెళ్లి పాడె ముందు కొమ్ము కింద ఎడమ భుజం పెట్టాడు. ఒక పెద్దమనిషి వచ్చి ఆయన చెయ్యి పట్టి పక్కకు లాగబోయాడు. కుండ పట్టుకుని ముందు నడుస్తున్న పెద్దనాయిన వెనక్కి తిరిగి, "ఉండనియ్యిండ్రి, వాని తల్లి" అన్నాడు. లాగిన చెయ్యి వదిలేశారు.

ఆడవాళ్లం దింపుడు కళ్లం దాకా పోయాం. అక్కడ పాడె దించి, చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తారు. పెద్దనాయిన వంగి "అమ్మా" అని పిలిచాడు. రెండో పిలుపుకు నాయిన గొంతు కూడా కలిసింది. అది తంతు అని ఆయనకు ఆ క్షణంలో తట్టిందో లేదో నేనెప్పుడూ అడగలేదు. తల్లిని పిలిచాడు, అంతే. మేం ఆడవాళ్లం అక్కడి నుంచి తిరిగి వచ్చాం.

దినాలనాడు కులపెద్దలు నాయినకు నూట పదహార్లు దండుగ వేశారు. నాయిన కట్టాడు. కట్టినా వెలి వెలే. మా ఇంట ఎవరూ తినకూడదు, మాకు పిల్లనివ్వకూడదు, మా పిల్లను చేసుకోకూడదు.

పట్నం తిరిగి వచ్చాక రెండో తీర్పు మా కోసం కాచుకుని ఉంది. మా ఊరి వైపు పిల్లవాడొకడు ఆ సంఘానికే వచ్చేవాడు. నాయిన పాడె మోశాడని, చచ్చినవాళ్లను పిలిచాడని, దండుగ కూడా కట్టాడని అయ్యగారికి చెప్పాడు. ఆదివారం ఆరాధన అయ్యాక నాయినను కమిటీ గదిలోకి పిలిచారు. అమ్మా, మేమూ బయట బల్ల మీద కూర్చున్నాం. కిటికీ తెరిచే ఉంది.

అన్యుల తంతులో పాలుపంచుకున్నావన్నారు. మృతులను పిలవడం వాక్య విరుద్ధమన్నారు. దండుగ కట్టి కులానికి లోబడ్డావన్నారు. ఆఖరున అసలు మాట బయటికి వచ్చింది: "హెబ్రోను కూటాలకు పోతున్నవంట గదా?" పోతున్నాననే చెప్పాడు నాయిన. చాలా నెలలుగా సాయంత్రాలు పోతున్నాడు. దాచలేదు.

"అయ్యగారూ, కుండ పట్టలేదు. నా వాళ్లందరి ముందు పట్టనని చెప్పిన. మోసింది మా అమ్మను" అన్నాడు.

వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి, అప్పటిదాకా ప్రభు భోజనం లేదు అన్నారు. నాయిన ఆలోచించుకుంటానని కూడా అనలేదు. "మా అమ్మను మోసింది తప్పని నేను చెప్పలేనయ్యా" అని లేచి వచ్చేశాడు. కొన్ని వారాలకు ఉత్తరం వచ్చింది. సంఘ పుస్తకంలో మా నలుగురి పేర్లు కొట్టివేయబడినవని అందులో ఉంది. నాకు జావ పంపిన అమ్మగారు ఆ తర్వాత ఆబిడ్స్ పోస్టాఫీసు దగ్గర ఎదురుపడితే, చుట్టూ చూసి, నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వెళ్లిపోయింది.

ఆ పెద్దలను నేను రాక్షసులుగా చూపించను. పాత మిషన్ల కాలం నుంచి ఒక నియమం నడుస్తూ వచ్చింది. కొత్తగా నమ్మినవాళ్లు ఒక్క తంతుకు ఒప్పుకుంటే, పెళ్లికో చావుకో మొత్తం వెనక్కి జారిపోతారని భయం. అలా జారిపోయినవాళ్లను వాళ్లు చూశారు కూడా. ఇక హెబ్రోను అంటే ఇంకో భయం. చిలకరింపు బాప్తిస్మం తీసుకున్నవాళ్లు అక్కడికి పోయి మళ్లీ మునకల బాప్తిస్మం తీసుకుంటున్నారని, మందలోని గొర్రెలు తరలిపోతున్నాయని పాత సంఘాలన్నింటిలోనూ అప్పుడు గుబులు. కానీ భయపడ్డవాడు ముందు విచారించాలి. వీళ్లు విచారించలేదు. నాయిన కులపెద్దల ముందు చేతులు జోడించి నిలబడ్డ సంగతి ఆ గదిలో ఎవరికీ అక్కరలేకపోయింది. ఒక్క పాడెకు రెండుచోట్ల శిక్ష పడింది. తంతు చేయనందుకు కులం వెలివేసింది, తంతులో కలిశాడని సంఘం వెలివేసింది.

ఆ రోజుల్లో నాయినను నిలబెట్టింది బ్రదర్ భక్త సింగ్ కథ. ఆయన 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టినవాడు. కుర్రతనంలో చేతికి వచ్చిన బైబిలు చింపి, అట్ట బాగుందని అట్ట మాత్రం దాచుకున్నవాడు. ఇంగ్లాండులో ఇంజనీరింగు చదువుకు పోయి, కెనడాలో 1929లో క్రీస్తును నమ్మాడు, 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1933లో బొంబాయిలో ఓడ దిగితే తల్లిదండ్రులు అక్కడికి వచ్చారు. నమ్మితే నమ్మావు, ఇంటి పరువు కోసం బయటికి చెప్పకు అని అడిగారు. దాచలేనన్నాడు. వాళ్లు ఆయనను బొంబాయిలోనే వదిలి వెళ్లిపోయారు. తర్వాత ఊరూరా సువార్త చెబుతూ తిరిగితే, కొన్నాళ్లకు ఆయనకు కొన్ని సంఘాల ప్రసంగ వేదికలే మూసుకుపోయాయి. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా అనే చోట వేరుగా సంఘం మొదలైంది. అక్కడి నుంచి వచ్చిన కొమ్మే మన హైదరాబాదు హెబ్రోను. ఇంటివాళ్లూ, సంఘంవాళ్లూ ఇద్దరూ తలుపు వేసినవాడు ఆయన. నాయినకు ఇంతకంటే ఏం కావాలి? ఆ బొంబాయి సంగతి మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో.

ఇది ఆయన ఒక్కడి కథ కూడా కాదు. 1833లో బాప్తిస్మం తీసుకున్న పురుషోత్తమ చౌదరి గారు బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చినవారు. అయినవాళ్లు దూరమైనవారు. ఆ కమిటీ గదిలో కూర్చున్న వాళ్లందరూ ఆదివారం ఆదివారం ఆయన కీర్తనలు పాడేవాళ్లే. రాజమండ్రిలో లూథరన్ సంఘంలో పనిచేసిన దేవదాసు అయ్యగారు, సంఘానికీ తనకూ పొత్తు కుదరక 1938లో బైబిల్ మిషన్‌గా వేరుపడ్డారు. మన తెలుగు క్రైస్తవం సగం ఇలా బయటికి నెట్టబడినవాళ్ల మీదే నిలబడి ఉందని నా గట్టి నమ్మకం.

హెబ్రోనులో పరిశుద్ధ సమాజ కూడికలకు నేను మొదటిసారి పోయింది ఆ తర్వాతే. పెద్ద పందిరి, కింద చాపలు, చెప్పులు బయట వదిలి ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. తెల్లబట్టల్లో భక్త సింగ్ గారు మాట్లాడుతుంటే పక్కన ఒకరు తెలుగులో చెబుతున్నారు. గంటలు గడిచినా ఎవరూ లేవలేదు. ప్రేమ విందులో వరసగా కూర్చుని తిన్నాం. నా పక్కన కూర్చున్నావిడ కులమేమిటో నేను అడగలేదు, ఆమె అడగలేదు. వెలి పడ్డ ఇంటి పిల్లకు అలా నలుగురి మధ్య కూర్చుని తినడం ఎంత పెద్ద సంగతో, వెలి తెలియనివాళ్లకు అర్థం కాదు.

అక్కడ కూడా ఒక పెద్ద ఈ పాడె సంగతే ఎత్తాడు. అది దాచి రాస్తే నా రాత తప్పవుతుంది. బాప్తిస్మానికి ముందు నాయినను కూర్చోబెట్టి, తంతులో ఎంతవరకు కలిశావని గుచ్చి గుచ్చి అడిగాడు. పక్కనే కూర్చున్న ఒక ముసలి సహోదరుడు మధ్యలో ఆపాడు. ఆయనదీ హిందూ కుటుంబమే. "మా అమ్మ చచ్చిపోతే నన్ను ఊరి పొలిమేర దాటనియ్యలేదు. నీకు మోసే భాగ్యమన్నా దొరికింది నాయినా" అన్నాడు. ఇంకెవరూ ఏమీ అడగలేదు. నాయిన మునకల బాప్తిస్మం తీసుకున్నాడు.

వెలి తీసింది కులపెద్దలు కారు, రోగం. 1979లో పెద్దనాయినకు కడుపులో పుండు ముదిరితే ఉస్మానియా దవాఖానకు తెచ్చారు. ఊరివాళ్లు చేర్పించి వెళ్లిపోయారు. పట్నంలో ఉన్నది మేమే. నాయిన తెల్లవారుజామున మండీకి పోయి, పది దాటాక దవాఖానకు పోయి, రాత్రి అక్కడే వరండాలో పడుకునేవాడు. అన్న బట్టలు ఉతికాడు, మలమూత్రాలు ఎత్తాడు. ఇంటికి తెచ్చాక అమ్మ పెట్టిన జావ పెద్దనాయిన మారుమాట లేకుండా తాగాడు. వెళ్లేనాడు పెద్దమ్మ అమ్మ ముఖం వైపు చూసి ఈసారి ఏడవలేదు. "మంచిగున్నవు పో" అంది. పెద్దనాయిన మాత్రం చివరిదాకా మా దారి సరైందని ఒప్పుకోలేదు. "నీ దేవుడు నిన్ను చెడగొట్టలేదు. గని తల్లికి కొరివి పెట్టకుండ చేసిండు. అది నేను మరువ" అన్నాడు. నాయిన తల ఊపాడు. అన్నదమ్ములిద్దరి మధ్య ఆ మాట అలాగే ఉండిపోయింది, దాని పక్కనే రాకపోకలూ సాగాయి.

నా పెళ్లి హెబ్రోనులో జరిగింది. బంగారం లేదు, మేళం లేదు. పెద్దమ్మ వచ్చి ముందు చాప మీద కూర్చుంది.

నాయిన 1991లో పోయాడు. మండీ కొత్తపేటకు మారినా అక్కడికే బస్సులో పోయి లెక్కలు రాస్తూ, గుండెపోటుతో ఒక్కరోజులో పోయాడు. పెద్దనాయిన కర్ర ఊతంతో వచ్చాడు. పెట్టె ఎత్తేటప్పుడు హెబ్రోను సహోదరులు వరసకట్టి నిలబడితే, కర్ర నా చేతికిచ్చి, వంగిపోయిన ఆ భుజం పెట్టె కింద పెట్టాడు. నాలుగడుగులు మోసి ఉంటాడు. ఎవరూ వద్దనలేదు. నువ్వు అన్యుడివని ఎవరూ అనలేదు.

భక్త సింగ్ గారు 2000 సెప్టెంబరు 17న పోయారు. చాలా ఏళ్లు మంచంలోనే ఉన్నారు. కొన్ని రోజులకు నారాయణగూడ శ్మశానవాటికలో సమాధి చేశారు. అమ్మను పట్టుకుని నేనూ పోయాను. గోల్కొండ చౌరస్తా నుంచి రోడ్డు కనబడకుండా జనం. ఏ ఏ సంఘాలవాళ్లో, పాటలు పాడుకుంటూ నడిచారు. ఒకప్పుడు ఆయనను లోపలికి రానీయని సంఘాలవాళ్లు కూడా ఆ జనంలో ఉన్నారని అమ్మ అంది. వాళ్లు రావడం మంచిదే. బతికుండగా పిలిచి ఉంటే ఇంకా మంచిది.

నాలుగేళ్ల కిందట మా పాత సంఘానికి పోయాను. ఇప్పుడున్న అయ్యగారు కుర్రవాడు, మర్యాదస్తుడు. బీరువా తీసి పాత పుస్తకం ఓపికగా వెతికి చూపించారు. నాయిన పేరు మీద ఎర్రసిరా గీత ఉంది. దాని పక్కన కారణం ఒక్క మాటలో రాసి ఉంది: అన్యాచారము. కింద అమ్మ పేరు, నా పేరు, తమ్ముడి పేరు. మా మీదా అదే గీత. కమిటీతో మాట్లాడి సరిదిద్దమంటారా అని ఆయన అడిగారు. వద్దన్నాను. నాయిన ఎలాగూ వేరే చోట ఆనందంగా ఆరాధించుకుని పోయాడు. ఆ పుస్తకంలో అప్పుడు జరిగింది జరిగినట్టు ఉండడమే మేలు.

ఇప్పుడు ఏ సంఘంలోనైనా కమిటీలో కూర్చునే పెద్దలకు, ఏ ఊళ్లోనైనా కులం తీర్పు చెప్పే పెద్దలకు నాదొకటే విన్నపం. ఒక మనిషి పేరు కొట్టేసే ముందు ఆ ఇంటికి పోయి రండి. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లను పిలిచి అడగండి. మా నాయిన సంగతిలో నేను ఉన్నాను. పద్నాలుగేళ్ల దాన్ని, అరుగు పక్కన నిలబడి మొదటి నుంచీ చూసిన దాన్ని. కమిటీ గది బయట బల్ల మీదే కూర్చుని ఉన్నాను. వేపచెట్టు కింద వాళ్లు అడగలేదు, కిటికీ లోపల వాళ్లూ అడగలేదు.